పన్నెండో నెల

సౌగంధిక టవర్స్‌లో లిఫ్టు పక్కన ఒక నోటీసు బోర్డు ఉంది. దానికి అద్దం తలుపు, తలుపుకి తాళం, తాళానికి రెండు చెవులు. ఒకటి ఓనర్ల అసోసియేషన్ సెక్రటరీ దగ్గర ఉంటుంది. రెండోది ఎప్పుడో పొరపాటున ఆ అద్దం లోపలే ఉండిపోయింది. వచ్చేపోయే వాళ్ళందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

జనవరి మూడో ఆదివారం పొద్దున ఆ తాళంచెవి పక్కన కొత్త కాగితం వెలిసింది. మూడు వందల నాలుగులో అద్దెకుండే ఉమాపతి పాల ప్యాకెట్లు పట్టుకుని, లిఫ్టు కోసం నిలబడి దాన్ని చదివాడు. లిఫ్టు వచ్చింది, తెరుచుకుంది, ఎవరూ ఎక్కకపోయేసరికి మూసుకుని పైకి పోయింది. అతను మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"సభ్యులకును, సభ్యులు కానివారికిని తెలియజేయునది. అద్దె ఒప్పందము పదకొండు మాసములకు మాత్రమే వ్రాయబడుచున్నది. సంవత్సరమునకు పన్నెండు మాసములు కలవు. పన్నెండవ మాసమందు అద్దెదారు ఏ ఆధారముతో నివసించుచున్నాడో కార్యవర్గమునకు అవగతము కాలేదు. ఇకమీదట సదరు మాసమును యాజమాన్య మాసముగా పరిగణించి, అద్దెదారులు వెలుపల ఉండవలెను. మాసాంతమున నూతన ఒప్పందముతో తిరిగి ప్రవేశింపవచ్చును. సామాను కదల్పనక్కరలేదు. ఫిబ్రవరి మొదటి ఆదివారము జరుగు సర్వసభ్య సమావేశమున దీనిని తీర్మానించెదరు."

ఉమాపతి అగ్రిమెంటు ఏటా ఏప్రిల్ ఒకటిన మొదలై ఫిబ్రవరి ఆఖరుతో ముగుస్తుంది. ఇది ఆ ఇంట్లో అయిదోది. అంటే నాలుగు మార్చి నెలలు అక్కడే తిని, పడుకుని, లేచాడు. ఆ నాలుగు నెలలూ తను ఏ కాగితం మీదా లేడని అతనికి ఇప్పుడే తెలిసింది.

విచిత్రమేమిటంటే అతనికి కోపం రాలేదు. బీమా కంపెనీలో క్లెయిములు తిరస్కరిస్తూ ఉత్తరాలు రాయడం అతని ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఆ కాగితంలో సందు ఎక్కడైనా ఉందా అని వెతికాడు, దొరకలేదు. రాసినవాడి మీద కాస్త గౌరవం కలిగింది. గౌరవం కింద ఇంకొకటి ఉంది, దాన్ని అతను పైకి ఒప్పుకోడు. దొరికిపోయిన దొంగకి కలిగే నెమ్మది అది. ఈ ఇంట్లో తను ఉండకూడని చోట ఉంటున్నానని అతనికి మొదటినుంచీ లోలోపల అనుమానమే. రాత్రిపూట మంచినీళ్ళకి లేచినా మునివేళ్ళ మీద నడుస్తాడు. గోడకి మేకులు కొట్టరాదని అగ్రిమెంటులో ఉంది కాబట్టి పెళ్ళినాటి గుండ్రటి గోడగడియారాన్ని అయిదేళ్ళుగా ఫ్రిజ్ మీద గోడకి ఆనించి పెట్టాడు. ఫ్రిజ్ ఊగినప్పుడల్లా అది జారి, కాసేపు పైకప్పుకి టైము చూపిస్తుంది.

భార్య హైమ పాలు పొయ్యి మీద పెడుతూ అంతా విన్నది.

"పన్నెండో నెల మనం గాల్లో ఉంటామా ఏంటండీ?" అంది.

గాల్లో అని రాయలేదని, వెలుపల అని రాశారని ఉమాపతి చెప్పాడు.

అసలు సంగతి వాళ్ళిద్దరికీ తెలుసు. కూతురు సంహిత పదో తరగతి. మార్చి పద్దెనిమిది నుంచి పబ్లిక్ పరీక్షలు. పరీక్ష కేంద్రం వెనక వీధిలోనే పడింది. ఆ మాట తెలిసిన రోజు హైమ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. ఒక్క నెలకి ఇల్లు ఎవరూ ఇవ్వరు. లాడ్జిలో పిల్లని కూర్చోబెట్టి చదివించలేరు. హైమ అన్నగారు ఉండేది తెనాలిలో. అక్కడికి వెళ్తే పరీక్ష ఇక్కడ, పిల్ల అక్కడ. సంహిత తన గదిలో గోడకి టేపుతో అంటించుకున్న మూలకాల పట్టిక ముందు నిలబడి, పెదాలు కదుపుతూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఉమాపతి సెక్రటరీ కోదండపాణిని కలవడానికి సెల్లార్‌లోకి దిగాడు. ఆయన విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. జనరేటరు పక్కన చిన్న గది, అందులో ఒక బల్ల, ఒక ఇనప బీరువా, ఆయన. ఇస్త్రీ చొక్కా జేబులో రెండు రంగుల పెన్నులు. ఈ భవనంలో ఏ నియమం పుట్టినా ఈ గదిలోనే పుడుతుంది. అద్దెకున్నవాళ్ళని 'నివాసులు' అనకూడదు, 'ఉంటున్నవారు' అనాలన్నది ఇక్కడే పుట్టింది. కిందటేడు వచ్చిన నడక నియమమూ ఇక్కడిదే. సాయంత్రం భవనం చుట్టూ నడిచేటప్పుడు ఓనర్లు కుడిచేతి వైపుగా, అద్దెకున్నవాళ్ళు ఎడమచేతి వైపుగా తిరగాలి, ఎవరెవరో తెలియాలి కదా అని. అప్పటినుంచి ఉమాపతి ఒక్కడే ఎడమచేతి వైపు తిరుగుతున్నాడు. ఎదురయ్యే ముప్పై మందీ కుడిచేతి వాళ్ళే. ఇంతమంది ఓనర్ల మధ్య బతుకుతున్నానన్న సంకోచంతో అతను ప్రతి చుట్టుకీ ప్రతివారికీ నమస్కారం పెట్టేవాడు. వాళ్ళు తల పంకించి వెళ్ళిపోయేవాళ్ళు.

కోదండపాణి ఓపిగ్గా విన్నాడు. విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ విన్నపం మానవీయమైనదే. సందేహం లేదు. కాని ఉంటున్నవారు చెప్పేది కార్యవర్గానికి వినపడదండీ. నిబంధన తొమ్మిది. ఇంతసేపూ మీరు మాట్లాడారు, నేను సానుభూతితో చూశాను. అంతవరకే."

ఫ్రిజ్, మంచాలు ఇంట్లో ఉండొచ్చు గానీ మనుషులే ఎందుకు ఉండకూడదని ఉమాపతి అడిగాడు.

"ఫ్రిజ్‌కి హక్కులు రావు. మనిషిని సంవత్సరం పొడుగునా కదలకుండా ఉంచితే వస్తాయి. అందుకే ఒక నెల తీసి పక్కన పెడుతున్నాం. పొలాన్ని బీడు పెట్టరూ, అలాగ. ఫ్లాటుకి కూడా విశ్రాంతి కావాలి. మినహాయింపు కావాలంటే మీ ఓనరు గారు సభకి వచ్చి అడగాలి. ఆయన అడిగితే వినపడుతుంది."

ఓనరు సుందర రామిరెడ్డి నంద్యాలలో విత్తనాల వ్యాపారం చేస్తాడు. ఫ్లాటు కొన్న రోజు ఒకసారి, నల్లా కారుతోందంటే ఒకసారి, మొత్తం రెండుసార్లు వచ్చాడు. ఫోనులో యాజమాన్య మాసం సంగతి చెబితే ఆయనకి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు.

"యాడిదప్పా ఈ కత? నేనెప్పుడన్నా నిన్ను పొమ్మన్యానా? నాకు ఇత్తనాల సీజను, ఆడికొచ్చి కుచ్చోని చేతులెత్తేదానికి తీరదు. నీ పేరు మింద కాగితం రాసి పంపిస్తా. నా బదులు నువ్వే పో. ఏది బాగుంటే దానికి చెయ్యెత్తు."

నాలుగు రోజుల్లో కొరియరు వచ్చింది. సుందర రామిరెడ్డి అను నేను, నా తరఫున సభలో కూర్చుండుటకు, మాట్లాడుటకు, ఓటు వేయుటకు ఉమాపతి గారికి అధికారము ఇచ్చితిని అని ఉంది. కింద ఆకుపచ్చ సిరాతో సంతకం. ఉమాపతి దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గండం గడిచిందని హైమ ఊపిరి పీల్చుకుంది.

కాగితం జేబులో పడిన సాయంత్రమే అతనిలో ఒక మార్పు మొదలైంది. మొదట కుర్చీలో కూర్చుని గోడల్ని చూశాడు. ఇన్నేళ్ళుగా వాటిని చూసినవాడే, కాని ఎప్పుడూ కళ్ళు దించుకుని చూశాడు. ఇప్పుడు ఎత్తి చూస్తే వంటింటి గుమ్మం పక్కన నూనె మరక కనిపించింది. బాత్రూము తలుపు కింద చెక్క ఉబ్బి ఉంది. అయ్యో, నమ్మి ఇల్లు అప్పజెబితే ఇలాగా చూసుకునేది అనిపించింది. ఎవరి మీద అనిపించిందో ఒక క్షణం తర్వాత తెలిసి ఉలిక్కిపడ్డాడు. అయినా ఆగలేకపోయాడు. సంహిత గదిలోకి వెళ్ళి, ఆ మూలకాల పట్టిక టేపు ఊడదీసినప్పుడు సున్నం పెచ్చులుగా లేచిపోతుందని, ఇల్లంటే బాధ్యత ఉండాలని చెప్పాడు. గొంతు తనదిలా లేదు. కాస్త నంద్యాల వైపుది.

"ఎవరు మాట్లాడుతున్నారు నాన్నా?" అంది సంహిత, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఫిబ్రవరి మొదటి ఆదివారం సెల్లార్‌లో కార్లు బయటికి తీసి, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గుమ్మం దగ్గర కాగితం చూపించినవాళ్ళకి 'ఓనరు' అని రాసిన అట్టముక్క పిన్నుతో చొక్కాకి తగిలించారు. ఉమాపతి లోపలికి వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాడు. అతనితో కలిపి ముప్పై ఒక్క మంది వచ్చారు. మిగిలినవాళ్ళందరూ సాయంత్రం నడకలో ఎదురయ్యేవాళ్ళే. ఇవాళ వాళ్ళ పక్కన, వాళ్ళ వైపుకే తిరిగి కూర్చున్నాడు. కాళ్ళు చాపుకోవాలనిపించింది, చాపుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

కోదండపాణి తీర్మానం చదివాడు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. రెండో అంతస్తు బ్యాంకు ఉద్యోగి, ఒక నెల చాలదేమో, విశ్రాంతి అంటే పూర్తి విశ్రాంతి ఉండాలి కదా అన్నాడు. అయిదో అంతస్తు లెక్చరరు, బయటికెళ్ళిన అద్దెదారులు పక్క వీధిలో మకాం పెట్టి రోజూ గేటు ముందు తచ్చాడితే యాజమాన్య మాసం పవిత్రత దెబ్బతింటుంది, కనీసం రెండు కిలోమీటర్ల దూరం పాటించాలన్నాడు. దానికి చప్పట్లు పడ్డాయి. ఇంకొకావిడ, వెళ్ళేటప్పుడు ఇంట్లో వంట వాసన కూడా లేకుండా చూసి వెళ్ళాలని సవరణ కోరింది. లేచిన ప్రతివారూ ముందువారి కన్నా ఒక మెట్టు పైకి మాట్లాడుతున్నారు. ఎవరి చూపూ ఎవరి మీదా నిలబడడం లేదు.

ఉమాపతి లేచాడు. మాటలు ముందే కూడబలుక్కున్నాడు. పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్ళకి మినహాయింపు ఇవ్వడం గురించి సభ ఆలోచించాలని అన్నాడు. పైన ఎక్కడో పైపులో నీళ్ళు దిగుతున్న చప్పుడు వినిపించింది.

"మీరు ఓనరేనా?" అన్నాడు లెక్చరరు. మర్యాదగానే అన్నాడు.

ముప్పై ముఖాలు తన వైపు తిరిగాయి. ఉమాపతికి చిన్నప్పుడు టికెట్ లేకుండా రైలెక్కినట్టు ఒక కల వచ్చేది. కలలో టీసీ వచ్చినప్పుడు జేబులు తడుముకోవడం మాని, తనే టీసీ అయిపోయి పక్కవాడిని టికెట్ అడిగేవాడు. మెలకువ వచ్చాక సిగ్గేసేది. ఇప్పుడు మెలకువ వచ్చే వీలు లేదు.

"ఓనర్నే" అన్నాడు. "నా మాట పూర్తి కానివ్వండి. మినహాయింపు గురించి ఆలోచించాలి అన్నాను, ఆలోచించి తిరస్కరించాలి. నా ఫ్లాటులో ఉండే మనిషికీ పదో తరగతి చదివే అమ్మాయి ఉంది. అతన్ని నేను బాగా ఎరుగుదును. మెతక మనిషి. ఇలాంటివాళ్ళతోనే ప్రమాదం. ఈ ఏడు పదో తరగతి అంటాడు, పైయేడు ఇంటర్ అంటాడు. ఏ నెల అడిగినా అతని దగ్గర ఒక కారణం ఉంటుంది. కారణాలు వింటూ కూర్చుంటే నియమం ఎక్కడ నిలబడుతుంది?"

పద్దెనిమిదేళ్ళ ఉత్తరాలు ఆ నాలుగు మాటల్లో పలికాయి. ఇంత చక్కగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు. చప్పట్లు చాలాసేపు మోగాయి. లెక్చరరు వంగి చెయ్యి కలిపాడు. తీర్మానం పెట్టారు. ముప్పై ఒక్క చేతులు లేచాయి. వాటిలో తన చెయ్యి ఏదో ఉమాపతికి చప్పున తెలియలేదు.

అందరూ వెళ్ళేముందు మినిట్స్ పుస్తకంలో సంతకాలు చేయాలి. ఉమాపతి వరసలో ఆఖరున నిలబడ్డాడు. పుస్తకం చేతికొచ్చాక తన గడి వెతుక్కుంటూ పై నుంచి కిందికి చూశాడు. ఫ్లాటు నంబరు, పేరు, సంతకం, చివర 'హాజరైన విధము' అనే గడి. బ్యాంకు ఉద్యోగి ఎదురుగా, అధికార పత్రము. లెక్చరరు ఎదురుగా, అధికార పత్రము. వంట వాసన ఆవిడ ఎదురుగా, అధికార పత్రము. పేజీ తిప్పాడు. చివరిదాకా అదే.

కోదండపాణి కుర్చీలు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన పేరు ఎదురుగానూ అదే ఉంది.

"నాది నూట అయిదు" అన్నాడు ఆయన, వెనక్కి తిరగకుండానే. "ఓనరు గారు రాజమండ్రిలో ఉంటారు. నా అగ్రిమెంటు కూడా ఏప్రిల్ ఒకటే."

"మరి ఇదంతా ఎందుకు పెట్టారండీ?"

కోదండపాణి చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి ఆలోచిస్తున్నట్టు లేదు.

"ఓనర్లయితే పెట్టేవాళ్ళేమో అనిపించింది" అన్నాడు.

వెనక్కి తీసుకోవచ్చు కదా అని ఉమాపతి అడిగాడు. తీసుకోవచ్చు, కాని ప్రతినిధిగా వచ్చినవాళ్ళు తమకి లాభం కలిగే ప్రతిపాదన చేయరాదని నిబంధన పద్నాలుగు. నష్టం కలిగేది ఎంతైనా చేసుకోవచ్చు. ఆ నిబంధన రాసిందీ ఆయనే. ఆయన గొంతులో గర్వం, దుఃఖం సమంగా ఉన్నాయి.

ఇంటికొచ్చాక హైమ ఏమైందని అడిగింది. ఏకగ్రీవంగా పాసయిందని చెప్పాడు.

"ఏకగ్రీవమంటే మీరూ చెయ్యెత్తారా?"

"నేను ఎత్తలేదు. రామిరెడ్డి గారు ఎత్తారు" అన్నాడు ఉమాపతి.

హైమ అతని ముఖంలోకి చూసింది. చొక్కాకి ఇంకా ఉన్న అట్టముక్కని పిన్ను తీసి, బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వారమంతా భోజనాల దగ్గర అతనికి గారు అని పిలుపు వచ్చింది. "రామిరెడ్డి గారూ, పప్పు వెయ్యమంటారా?"

దారి చూపించింది మళ్ళీ కోదండపాణే. తనకీ అదే గండం కదా. రాత్రీ పగలూ నిబంధనలు తిరగేసి, పదిహేడో నిబంధనలో సందు పట్టాడు. ఓనరు ఇంటికి అతిథులు రావచ్చు, ముప్పై రోజులు ఉండొచ్చు. అధికార పత్రం ఉన్నవాడు ఓనరు తరఫున మాట్లాడొచ్చు కాబట్టి, అతిథుల్ని ఆహ్వానించనూ వచ్చు. ఉమాపతి ఓనరుగా తన కుటుంబాన్నీ, తననీ అతిథులుగా పిలుచుకుంటే సరిపోతుంది. మార్చికి ముప్పై ఒక్క రోజులు ఉంటాయి కదా అంటే, ఆ ఒక్క రోజు సంగతి ముప్పై ఒకటిన చూద్దామన్నాడు.

ఓనరుగానే ఇంట్లో ఉండిపోతే ఈ గొడవ ఉండదు కదా అని ఉమాపతి అడిగాడు.

"అధికార పత్రం మాట్లాడడానికండీ. పడుకోవడానికి కాదు" అన్నాడు కోదండపాణి. "పడుకునేది అతిథే."

మార్చి ఒకటిన ఉమాపతి కుటుంబం గేటు బయటికి వెళ్ళి, పది నిమిషాలు నిలబడి, లోపలికి వచ్చింది. మొదట ఓనరుగా ఉమాపతి పైకి వెళ్ళాడు. వాచ్‌మన్ ఐలయ్య ఇంటర్‌కామ్‌లో, మీ ఇంటికి సుట్టాలొచ్చిండ్రు పంపాల్నా అని అడిగాడు. పంపమన్నాడు. హైమ, సంహిత సంతకాలు పెట్టి వచ్చారు. తర్వాత ఉమాపతి కిందికి దిగి, అతిథిగా తన సంతకం తను పెట్టి, మళ్ళీ పైకి ఎక్కాడు. పరీక్షల సెలవులు కాబట్టి సంహిత గడప దాటలేదు. హైమ కూరగాయలు గేటు మీదుగా అందుకునేది. ఆ గేటుకి రెండు రెక్కలు. ఎడమ రెక్క బందు తుప్పుపట్టి రెండేళ్ళుగా మూసుకోదు. ఒక రాయి అడ్డుపెట్టి, దాని పక్కన స్టూలు వేసుకుని ఐలయ్య కూర్చునేవాడు.

ఉమాపతి రోజూ ఆఫీసు నుంచి వచ్చి ముందు ఓనరుగా ఒకసారి, తర్వాత అతిథిగా ఒకసారి మెట్లెక్కేవాడు. మొదట్లో చిరాకనిపించినా, నాలుగు రోజులకి అందులో ఒక సుఖం కనిపెట్టాడు. పైనుంచి పంపండి అన్నప్పుడు తను పెద్దమనసున్నవాడు. కింద సంతకం పెడుతున్నప్పుడు ఎవరికో కావలసినవాడు. తనని ఇంత నిక్కచ్చిగా రోజూ ఇంటికి ఆహ్వానించినవాళ్ళు అతని జీవితంలో ఎవరూ లేరు.

చిక్కు రిజిస్టరుతో వచ్చింది. పదిహేడో తేదీ పొద్దున కోదండపాణి నెల సగంలో చేసే తనిఖీ చేశాడు. సాయంత్రాలు మూడు వందల నాలుగులోకి ఇద్దరు వెళ్తున్నారు. పొద్దున్నే బయటికి ఒక్కడే వస్తున్నాడు. పదహారు రోజులకి కూడితే ఆ ఫ్లాటులో పద్దెనిమిది మంది ఉన్నట్టు తేలింది. తన సొంత ఫ్లాటులోనూ అలాగే జనం పెరిగిపోయారు. ఆయన నిజాయితీపరుడు. ఒక శరీరం ఒకసారి గేటు దాటితే ఒక్క మనిషిగానే దాటవలెనని, విషయం తేలేదాకా అధికార పత్రాలన్నీ కార్యాలయంలో దాఖలు చేయవలెనని అప్పటికప్పుడు ఉత్తర్వు రాశాడు. ఉమాపతి ఆఫీసుకి వెళ్తూ తన కాగితం ఇచ్చి వెళ్ళాడు. కోదండపాణి దాన్నీ, తన దాన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, బీపీ మాత్రల కోసం మందుల షాపుకి బయల్దేరాడు. గేటు దాటి పది అడుగులు వేశాక ఆగిపోయాడని ఐలయ్య తర్వాత చెప్పాడు.

సాయంత్రం ఏడింటికి ఉమాపతి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో సంహిత హాల్‌టికెట్. తల్లిదండ్రులే వచ్చి సంతకం చేసి తీసుకెళ్ళాలని స్కూలువాళ్ళు కబురు పెడితే దారిలో దిగి తెచ్చాడు. మర్నాడు తొమ్మిదిన్నరకి తెలుగు పరీక్ష.

"సార్, జర ఆగుండ్రి" అన్నాడు ఐలయ్య. స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు గానీ ముఖం చూడలేకపోతున్నాడు. "ఓనరు లెక్క వోతారా, సుట్టం లెక్క వోతారా?"

ఓనరుగా అన్నాడు ఉమాపతి. కాగితం చూపించమన్నాడు ఐలయ్య. కాగితం బీరువాలో ఉంది. అయితే అతిథిగా అన్నాడు. ఐలయ్య ఇంటర్‌కామ్ నొక్కాడు. హైమ ఎత్తింది. అతిథి ఇంకో అతిథిని పిలవకూడదు, ఓనరే మాట్లాడాలి.

"ఓనరు సారు ఇంట్ల లేడంట" అన్నాడు ఐలయ్య. ఆ మాట అంటూ అతనే నీళ్ళు నమిలాడు.

గేటు పక్కన సిమెంటు బెంచీ మీద అప్పటికే కోదండపాణి కూర్చుని ఉన్నాడు. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాడు. మందుల పొట్లం ఒళ్ళో ఉంది. ఉమాపతి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. బీరువా తాళంచెవి ఆయన జేబులో ఉంది, బీరువా సెల్లార్‌లో ఉంది. గేటు లోపలికి వెళ్ళాలంటే ఆ బీరువాలో ఉన్న కాగితం కావాలి. ఆ ఉత్తర్వులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఉమాపతికి మెల్లగా చిరాకు మొదలైంది. రేపు పొద్దున ఒక ఆడపిల్లకి పబ్లిక్ పరీక్ష ఉందని తెలిసి, చీకటి పడినా ఇంటికి రాని ఓనరుని ఏమనాలి? కాస్తయినా బాధ్యత ఉండక్కర్లేదా?

ఇంటర్‌కామ్ మోగింది. ఐలయ్య విని, రిసీవరు అతనికి అందించాడు.

"నాన్నా, గొంతు మార్చి నేనే ఓనర్నని చెప్పేదా?" అంది సంహిత.

అలాంటి పని చేయకూడదని, పరీక్ష ముందు అబద్ధం మంచిది కాదని అతను చెప్పాడు. అవతల రిసీవరు పెట్టేసిన చప్పుడు.

రెండు నిమిషాలకి సంహిత కిందికి దిగివచ్చింది. చేతిలో తెలుగు వాచకం, వేలు మధ్యలో పెట్టి మూసి ఉంది. తిన్నగా నడిచి గేటు దాటి బెంచీ దగ్గరికి వచ్చింది. ఉమాపతి గాభరాగా లేచాడు. అతిథి బయటికి వచ్చేసింది. ఓనరు పైన లేడు. ఇక ఈ పిల్ల లోపలికి ఎలా వెళ్తుంది?

"ఎంత పని చేశావమ్మా, ఇప్పుడెలా" అన్నాడు. కోదండపాణి కూడా లేచి నిలబడ్డాడు, తల పట్టుకున్నాడు.

సంహిత తండ్రి చేతిలోంచి కవరు తీసుకుంది. హాల్‌టికెట్ బయటికి తీసి, వీధి దీపం వెలుతురులో ఫొటో చూసుకుని, వాచకంలో పెట్టుకుంది. తర్వాత గేటు వైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

"తీసే ఉంది కదా నాన్నా" అంది.

అని, వచ్చినట్టే వెనక్కి నడిచింది. తెరిచి ఉన్న ఎడమ రెక్క పక్కనుంచి, రాయి దాటి లోపలికి వెళ్ళింది. ఐలయ్య సరిగ్గా అప్పుడే కళ్ళజోడు తీసి తుండుగుడ్డతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడవడం చాలాసేపు సాగింది. లిఫ్టు దగ్గర ఆమె ఒకసారి ఆగి, వెనక్కి తిరిగి, రమ్మన్నట్టు చెయ్యి ఊపింది. లిఫ్టు తెరుచుకుంది. ఆమె తలుపుకి చెయ్యి అడ్డంపెట్టి నిలబడింది.

ఉమాపతి గేటు వైపు నాలుగడుగులు వేశాడు. రాయి దాకా వెళ్ళాడు. ఆ సందులోంచి ఇద్దరు పక్కపక్కన వెళ్ళేంత చోటుంది. కాలు ఎత్తితే అయిపోతుంది. ఎత్తాలని అతను నిజంగానే అనుకున్నాడు. కాని ఏ కాలు ఎత్తాలో, అది ఎవరి కాలో తేలలేదు. కాసేపు నిలబడి, రాయి కాస్త పక్కకి జరిగి ఉంటే చెప్పుతో సరిచేసి, వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. లోపల లిఫ్టు తలుపు మూసుకుంది.

కోదండపాణి జరిగి చోటిచ్చాడు. కాసేపటి తర్వాత మర్యాద కోసం అడిగాడు.

"మీ ఓనరు ఇంకా రాలేదా?"

"లేదండీ. మీ ఓనరు గారు?"

"ఇవాళ కొంచెం ఆలస్యమయ్యేట్టుంది."

మూడో అంతస్తులో దీపం వెలిగింది. కిటికీకి అడ్డంగా ఇద్దరు మనుషులు కదిలారు, ఒకరు కుర్చీ ఎక్కినట్టు నీడ పొడుగైంది. ఇంకొకరు గుండ్రటిదేదో పైకి అందించారు. తర్వాత ఠక్, ఠక్ మని చప్పుడు, గోడ లోపలికి దిగుతున్న చప్పుడు, కింద వీధిదాకా స్పష్టంగా వినిపించింది.

ఉమాపతి తలెత్తి విన్నాడు.

"ఎవరింట్లోనో మేకు కొడుతున్నారు" అన్నాడు.

కోదండపాణి కూడా చెవి అటు పెట్టి విన్నాడు. ఆ దెబ్బల్లో తడబాటు ఏమీ లేదు.

"ఓనర్లే అయి ఉంటారు" అన్నాడు.